మురుగునీటికి లెక్కకట్టు విద్య

ఇంజనీరింగు కళాశాలలో ప్రవేశము దొరకిన విద్యార్థిని బంధువులు మొదట అడుగు ప్రశ్న "ఏ బ్రాంచి?" అన్నది. కంప్యూటరు శాఖ అన్నచో సంతోషింతురు. సివిల్ అన్నచో, ఇండ్లు వంతెనలు కట్టు చదువు గదా అని సమాధానపడుదురు. పర్యావరణ ఇంజనీరింగు అన్నచో మాత్రము క్షణకాలము మౌనము వహించి, "అది చెట్లు నాటించు చదువా?" అని అడుగుదురు. ఈ ప్రశ్న అడుగువారిని తప్పుపట్టుటకు వీలులేదు. ఈ విద్య నేర్చినవారు చేయు పనిలో అధికభాగము భూమిక్రింది గొట్టములలోను, ఊరి చివరి ప్రహరీగోడల వెనుకను జరుగును. పని సవ్యముగా జరిగినంతకాలము అది ఎవరి కంటను పడదు. నేడు కుళాయినీటిలో కలరా లేదన్న సంగతి ఏ పత్రికయు ప్రకటింపదు.

పర్యావరణ ఇంజనీరింగు అను పేరు ఈ విద్యకు కొత్తగా వచ్చినది. పూర్వము దీనిని శానిటరీ ఇంజనీరింగు అనియు, పిదప ప్రజారోగ్య ఇంజనీరింగు అనియు పిలిచెడివారు. నాగపురమున 1958లో స్థాపితమైన పరిశోధనాలయము పేరు కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధన సంస్థ. 1974లో అదియే జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థగా మారినది. దాని ఆంగ్లనామములోని మొదటి అక్షరములు కలిపి జనులు 'నీరి' అందురు. ఆ మాటలో తెలుగువారికి నీరు వినబడుట కేవలము కాకతాళీయమే కాని, పేరు చక్కగా అతికినది. ఆ 1974లోనే పార్లమెంటు జలకాలుష్య నివారణ చట్టమును చేసెను. 1981లో వాయుకాలుష్య చట్టమును, 1984 డిసెంబరులో భోపాలు విషవాయు దుర్ఘటన జరిగిన పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టమును వచ్చినవి. మంచినీరు, మురుగునీరు అను రెండు మాటలతో ముగిసెడి పాఠ్యక్రమములోనికి గాలియు, చెత్తయు, ప్రమాదకర రసాయనములును, ధ్వనియు వచ్చి చేరినవి. పేరు మారుటకు కారణమిదియే.

ఈ శాస్త్రము పుట్టుకను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. 1854లో లండను నగరమున బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతమును కలరా పీడించినప్పుడు, జాన్ స్నో అను వైద్యుడు మరణించినవారి ఇండ్లను పటముపై గుర్తించి, వారిలో పెక్కుమంది ఒకే చేతిపంపు నీరు త్రాగినవారని చూపెను. ఆయన మాటపై ఆ పంపు పిడిని తొలగించిరి. అయినను నాటి పండితులలో పలువురు దుర్గంధము వలననే కలరా వచ్చునని నమ్ముచుండిరి. 1858 వేసవిలో థేమ్సు నది కంపు పార్లమెంటు భవనములోనికే వ్యాపించుటచే, సభ్యులు ముక్కుమూసికొని, మురుగుకాలువల నిర్మాణమునకు ధనము మంజూరు చేసిరి. జోసెఫ్ బజాల్‌గెట్ అను ఇంజనీరు నగరపు మురుగునంతను క్రింది గొట్టములలోనికి మళ్ళించి, నగరమునకు దిగువన నదిలో కలిపెను. కంపును పోగొట్టుటకని కట్టిన కాలువలు నిజమునకు కలరానే పోగొట్టినవి. సిద్ధాంతము తప్పు, పని ఒప్పు. ఇంజనీరింగు చరిత్రలో ఇట్టివి అరుదు కాదు. ఐతే నగరము బాగుపడినది గాని, దిగువ నది బాగుపడలేదు. ఆ మిగిలిన సగము పని తరువాతి తరములవారికి వచ్చినది.

మన దేశములో హైదరాబాదు చరిత్ర ఇంచుమించు ఇట్టిదే. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచివేసి వేలమందిని పొట్టనబెట్టుకొనెను. ఆ మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వము మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని రప్పించి సలహా అడిగెను. ఎగువన జలాశయములు కట్టి వరదను పట్టియుంచవలెననియు, నగరమునకు భూగర్భ మురుగుకాలువలు వేయవలెననియు ఆయన సూచించిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. వరద ఆగినది, త్రాగునీరు వచ్చినది. ఈ జలాశయములను జనులు గండిపేట చెరువు మొదలైన పేర్లతో ప్రేమగా తలతురు. మురుగు మాటనే ఎవరును తలవరు. నగరము లక్షలనుండి కోటికి పెరిగినది. మురుగు మూసీలోనికే పోయినది. నేడు నగరమునకు దిగువన, వానలు లేని నెలలలో, మూసీలో పారునది నది కాదు, నగరము వాడి విడిచిన నీరే. ఆ నీటితోనే గడ్డియు వరియు పండించుచు అనేక గ్రామములు బ్రతుకుచున్నవి. అందుచేత ఆ నీటి శుద్ధి ఒక నగరపు అందచందముల ప్రశ్న కాదు.

ఇక ఈ విద్యలో నేర్పునదేమి? మేము ఒక చిన్న లెక్కను ముందుంచుదుము. వినువారు కాగితము పెన్సిలు తీసికొన్నను మంచిదే.

లక్ష జనాభా గల పట్టణమును తీసికొందము. మనిషికి రోజునకు 135 లీటర్ల నీరు చొప్పున సరఫరా చేయవలెనని మన దేశములో ఒక ప్రమాణము కలదు. అందులో నూటికి 80 వంతులు మురుగై తిరిగి వచ్చును. అనగా రోజునకు 1 కోటి 8 లక్షల లీటర్ల మురుగు. ఈ మురుగు ఎంత చెడ్డదో కొలుచుటకు ఒక కొలబద్ద కావలెను. మురుగులోని మలినమును సూక్ష్మజీవులు తినునప్పుడు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. ఎంత ప్రాణవాయువు ఖర్చగునో అంత మలినమున్నదని అర్థము. దీనికి బి.ఓ.డి. అని పేరు. సగటు మనిషి రోజునకు 27 గ్రాముల బి.ఓ.డి. విడుచునని మన ఇంజనీర్లు లెక్కకు తీసికొందురు. లక్షమందికి 2,700 కిలోలు. దానిని 1 కోటి 8 లక్షల లీటర్లకు పంచినచో లీటరునకు 250 మిల్లీగ్రాములు.

స్నానమునకు తగిన నదిలో ఈ బి.ఓ.డి. లీటరునకు 3 మిల్లీగ్రాములకు మించరాదు. పూర్వులు మురుగును నదిలో వదలి, నది పావనము చేయునని నమ్మిరి. ఆ నమ్మకమునకు లెక్క కట్టుదము. 250ని 3కు దింపుటకు, అణుమాత్రము మలినము లేని నదిలోనైనను, ఆ మురుగునకు 82 రెట్ల నీరు కావలెను. అది సుమారు 360 క్యూసెక్కుల ప్రవాహము, అనగా ఒక పెద్ద పంటకాలువంత! లక్షమంది ఊరికే ఇంత కావలెనన్నచో, కోటిమంది ఊరికెంత? ఏప్రిల్ నెలలో మన నదులలో ఆ నీరెక్కడిది? నది మురుగును శుద్ధిచేయును అనుమాట అబద్ధము కాదు. కాని నదికి శక్తి యొక పరిమితిలోనే యున్నదని ఈ అంకెలు చెప్పును. ఆ పరిమితిని ముందుగా లెక్కించి, మిగిలిన భారమును యంత్రాలయమునకు అప్పగించుటయే ఈ ఇంజనీరు పని.

ఆ యంత్రాలయములో జరుగునదియు వింతయే. అక్కడ పనిచేయువారు మనుష్యులకంటె సూక్ష్మజీవులే ఎక్కువ. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అను ఇద్దరు, మురుగులోనికి గాలి ఊదుచు, అడుగున చేరిన బురదను పారవేయక మరల మరల వాడిచూచిరి. ఆ బురద నిండ ఆకలిగొన్న సూక్ష్మజీవులే. వారములు పట్టు శుద్ధి గంటలలో ముగిసినది. నేటికిని ప్రపంచమున అధికభాగము శుద్ధికేంద్రములు ఈ సూత్రముపైననే నడచుచున్నవి. కాని గాలి ఊదుటకు విద్యుత్తు కావలెను, బిల్లు కట్టవలెను. గాలి అక్కరలేని సూక్ష్మజీవులతో, క్రిందినుండి పైకి నీటిని పంపు పద్ధతిని 1970 తరువాత హాలండు శాస్త్రజ్ఞుడు లెట్టింగా వృద్ధిచేసెను. అది వేడిదేశములకు అనుకూలించును. హైదరాబాదులో అంబరుపేట వద్ద రోజునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల శక్తి గల కేంద్రమునకు ఆ పద్ధతియే తీసికొనిరి. విద్యుత్తు మిగులును, పైగా మండెడి వాయువు వచ్చును. శుద్ధి మాత్రము గాలి ఊదినంత సంపూర్ణముగా జరుగదు గనుక, దాని వెనుక మరియొక మెట్టు పెట్టవలసి వచ్చును. ఇట్టి లాభనష్టముల తూకమే తరగతిగదిలో నేర్పు అసలు విద్య. సూత్రములు పుస్తకములోనే దొరకును.

ఈ శాస్త్రము పరదేశపు అంకెలను గ్రుడ్డిగా అరువు తెచ్చుకొన్న కొంతకాలము ఉండెను. బి.ఓ.డి. పరీక్షను ఇంగ్లండులో 20 డిగ్రీల వేడిమి వద్ద అయిదు దినములు జరుపుదురు. మన ఉష్ణోగ్రతలకు 27 డిగ్రీల వద్ద మూడు దినములే తగునని మన ప్రమాణములు మార్చుకొన్నవి. చిన్న సవరణయే కాని, శీతలీకరణ యంత్రము లేని చిన్న ప్రయోగశాలకు ఇది ఎంత మేలో ఆ పని చేసినవారికే తెలియును.

మన తెలుగునేలకు ఈ విద్యతో అంతకంటె లోతైన సంబంధము ఫ్లోరైడు వలన ఏర్పడినది. నీటిలో ఫ్లోరైడు మితిమీరుటచే పండ్లు గారపట్టి, ఎముకలు బిగిసి, నడుము వంగిపోవు వ్యాధి భారతదేశమునందు కలదని వైద్యలోకమునకు మొదట తెలిపిన వ్యాసము 1937లో వెలువడినది. ఆ వ్యాసమునకు ఆధారమైనవి నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామములు. తరువాత నల్లగొండ జిల్లా పేరు ఈ వ్యాధితో విడదీయరానిదైనది. అచ్చటి గ్రానైటు శిలలనుండి ఫ్లోరైడు కరిగి భూగర్భజలములో చేరును. చేతిపంపులు వేసి, కలరానుండి రక్షించితిమని సంతోషించిన లోతుబావులే ఈ కీడును తెచ్చినవి. పైనున్న చెరువునీటిలో క్రిములు, క్రిందనున్న బోరునీటిలో ఫ్లోరైడు! గ్రామీణుడు ఏ నీరు త్రాగవలెను?

దీనికి 'నీరి' శాస్త్రజ్ఞులు 1970 దశకములో ఒక ఉపాయము కనుగొనిరి. నీటిలో పటికయు, సున్నమును, బ్లీచింగుపౌడరును తగుపాళ్ళలో కలిపి, చిలికి, తేర్చి, వడగట్టినచో ఫ్లోరైడు తగ్గును. దీనికి 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు పెట్టిరి. ప్రపంచ గ్రంథములలో నేటికిని ఆ పేరే ఉన్నది. ఆఫ్రికాలో టాంజానియా వరకు అది వ్యాపించినది. వస్తువులు బజారులో దొరకునవే, బకెట్టులోనైనను చేయవచ్చును. ఇంత సులువైన పద్ధతి ఊరూర ఎందుకు నిలువలేదు? నీటిలోని ఫ్లోరైడునుబట్టియు, క్షారగుణమునుబట్టియు పటికపాలు మారవలెను. ప్రతిదినము ఎవరో ఒకరు శ్రద్ధగా తూచవలెను. అడుగున చేరిన బురదను ఎక్కడనో పారవేయవలెను. పటిక ఎక్కువైనచో అల్యూమినియము నీటిలో మిగులును. ఇల్లాలికి ఉదయమున గంటసేపు దీనితో గడపుటకు తీరిక ఎక్కడిది? పంచాయతీ యంత్రము చెడినచో బాగుచేయువాడెవడు? ప్రయోగశాలలో నెగ్గినది పల్లెలో ఓడుట ఈ విధముగానే జరుగును. చివరకు మేలైన మార్గము కృష్ణానది నీటిని గొట్టములద్వారా తెచ్చుటయే అని ప్రభుత్వములు నిశ్చయించినవి. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకము ఆ దారినే పట్టినది. నల్లగొండ పద్ధతి వ్యర్థమైనదని మేము అనము. ఊరికి దూరముగా నదిలేని చోట అది ఇప్పటికిని ఆధారమే. కాని రసాయనశాస్త్రము తెలిసినంతమాత్రమున ఇంజనీరు కాడనుటకు ఇంతకు మించిన పాఠము మాకు కనబడదు.

ఈ విద్యను ఎక్కడ, ఎట్లు చదువవలెనని తలిదండ్రులు అడుగుదురు. మన దేశములో పట్టభద్రస్థాయిలోనే పర్యావరణ ఇంజనీరింగు పేరుతో నాలుగేండ్ల కోర్సు చెప్పు విద్యాలయములు కొద్దియే. ధనబాదులోని ఐ.ఐ.టి., ఢిల్లీ టెక్నలాజికల్ విశ్వవిద్యాలయము, మైసూరులోని జయచామరాజేంద్ర కళాశాల అట్టివి. తక్కినవారందరు సివిల్ లేక కెమికల్ శాఖలో బి.టెక్. పూర్తిచేసి, గేట్ పరీక్ష వ్రాసి, ఎం.టెక్.లో ఈ శాఖను తీసికొందురు. మా అభిప్రాయములో ఈ రెండవ దారియే క్షేమము. సివిల్ పట్టా చేతనున్నవానికి ప్రభుత్వోద్యోగ ప్రకటనలలో తలుపులు ఎక్కువ తెరచియుండును. పర్యావరణ పట్టా ఒక్కటియే యున్నవానిని, అర్హత కలదా లేదా అని ప్రకటనలోని ప్రతి పంక్తియు చదువుకొనవలసిన దుస్థితి కొన్ని చోట్ల నేటికిని ఉన్నది. 2021నుండి గేట్‌లో పర్యావరణ శాస్త్రము, ఇంజనీరింగునకు ప్రత్యేకముగా ఒక ప్రశ్నపత్రము ఏర్పడినది. అది మంచి సూచన. ముంబయి ఐ.ఐ.టి.లో ఈ విషయమునకు ప్రత్యేక శాఖయే కలదు. మద్రాసు, కాన్పూరు ఐ.ఐ.టి.లలో సివిల్ శాఖలోనే దీనిని నేర్పుదురు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమునందు పర్యావరణ కేంద్రము కలదు.

పాఠ్యాంశములు వినుటకు బెదరుపుట్టించును. ద్రవగతిశాస్త్రము, జలరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము, గాలిలో పొగ వ్యాపించు విధమునకు గణితము, భూగర్భజల ప్రవాహము, ఘనవ్యర్థ నిర్వహణము, పైన చట్టములు. ఒక్కొక్కటియు వేరొక శాస్త్రమునుండి వచ్చినదే. గణితమును ప్రేమించి జీవశాస్త్రమును రోయు విద్యార్థి ఇక్కడ సుఖపడడు. జీవశాస్త్రము మాత్రమే కావలెనను విద్యార్థికిని ఇదే మాట. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1873లో పట్టము పొందిన తొలి మహిళ ఎల్లెన్ స్వాలో రిచర్డ్స్ రసాయనశాస్త్రమును నేర్చి, ఆ రాష్ట్రపు నదులనీటిని వేలకొలది సీసాలలో పరీక్షించి, అక్కడి విద్యార్థులకు శానిటరీ రసాయనమును బోధించినది. ఈ శాస్త్రము ఆడపిల్లలకు తగదని మనలో కొందరనుట మేము విన్నాము. మొదటి గురువులలోనే ఒకామె యున్నదని వారికి తెలియదు కాబోలు.

ఉద్యోగముల విషయమునకు వత్తము. ప్రభుత్వములో గ్రామీణ నీటిసరఫరా శాఖ, ప్రజారోగ్య ఇంజనీరింగు శాఖ, మునిసిపాలిటీలు, 1989లో ఏర్పడిన హైదరాబాదు మంచినీటి సరఫరా మురుగునీటి బోర్డు మొదలగునవి కలవు. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడినది. 2014లో రాష్ట్ర విభజనము జరిగిన తరువాత తెలంగాణమునకు వేరుగా మండలి వచ్చినది. ఇందులో అసిస్టెంటు ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరుగా ప్రవేశింపవచ్చును. ప్రైవేటు రంగములో శుద్ధికేంద్రములు కట్టు కాంట్రాక్టు సంస్థలు, ప్రయోగశాలలు, సిమెంటు, మందులు, విద్యుత్తు కర్మాగారములు, ఓడరేవులు, ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ నివేదికలు వ్రాయు సలహాసంస్థలు ఉన్నవి. ఊరి చివర దశాబ్దములుగా పేరుకొన్న చెత్తగుట్టలను త్రవ్వి వేరుచేయు పని ఇటీవలి కాలములో పెరిగినది. అమెరికాకు పోవు మన విద్యార్థులు అక్కడి ఎఫ్.ఇ., పి.ఇ. పరీక్షలలో పర్యావరణ శాఖను ఎన్నుకొని అనుమతి పొందుదురు. ఆ అనుమతి కలవాని సంతకము లేక అక్కడ ప్రజలకు సంబంధించిన కట్టడముల నమూనా చెల్లదు. తొలి జీతము సాఫ్ట్‌వేరు ఉద్యోగమునకు సాటిరాదని ముందే చెప్పుట న్యాయము.

ఈ ఉద్యోగములలో కష్టమైనది లెక్క కాదు, సంతకము. పర్యావరణ ప్రభావ నివేదికను వ్రాయించువాడును, దానికి డబ్బిచ్చువాడును కర్మాగారము కట్టదలచినవాడే. 1994లో ఆరంభమై 2006లో సవరింపబడిన విధానము ఇట్లే ఉన్నది. డబ్బిచ్చినవానికి ఇష్టము లేని వాక్యమును వ్రాయుటకు వెన్నెముక కావలెను. నివేదికలు వ్రాయు సంస్థలకు గుర్తింపు ఇచ్చు ఏర్పాటు తరువాత వచ్చినది. అది కొంత మేలు చేసినది కాని, వెన్నెముకకు గుర్తింపుపత్రము ఇచ్చు సంస్థ యేదియు లేదు. ఒక యువ ఇంజనీరు తన మొదటి నివేదికలోనే, ప్రక్క ఊరి చెరువును పటములో చూపవద్దని చెప్పబడవచ్చును. ఆ క్షణము ఏమి చేయవలెనో ఏ పాఠ్యపుస్తకములోను లేదు.

సంతకమునకు వెల ఎంతయో చూపు సంఘటనలు మన కళ్ళముందే ఉన్నవి. పటాన్‌చెరు ప్రాంతపు కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగులో పడి పొలములను, బావులను చెరచినందుకు గ్రామములు సుప్రీంకోర్టు వరకు పోరాడినవి. ఆ నీటిని శుద్ధిచేయుటకు ఉమ్మడి కేంద్రములు కట్టిరి. తరువాత 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు ఒక శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నదని ప్రకటించిరి. రోగికి మాత్రలిచ్చినప్పుడు రక్తములో ఉండుదానికంటె అది ఎక్కువ! అట్టి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టును. బి.ఓ.డి. ఒక్కటియే కొలుచు ప్రయోగశాలకు ఈ సంగతి ఎన్నడును కనబడదు. ఏది కొలువవలెనో నిర్ణయించుటయు ఇంజనీరు విద్యలో భాగమే.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నము శివారున వెంకటాపురము దాపున ఒక కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వ్యాపించి 12 మంది మరణించిరి. స్టైరీన్ చల్లగా ఉంచినంతకాలము నెమ్మదియైన ద్రవమే. వేడెక్కినచో తనంతటతాను గడ్డకట్ట నారంభించి, ఆ క్రియలో మరింత వేడిని పుట్టించి, ఆ వేడిచే మరింత త్వరపడును. అందుకే దానిని చల్లబరచుచు, నిరోధక రసాయనమును కలుపుచు ఉండవలెను. లాక్‌డౌనులో కర్మాగారము మూసియుండుటచే ట్యాంకులోని సరకు వారములకొలది కదలక నిలిచియున్నది. కర్మాగారము నడచుచున్నప్పుడు కంటె మూసియున్నప్పుడే ఎక్కువ కాపలా కావలసిన వస్తువులు ఉన్నవని దీనివలన లోకమునకు తెలిసినది. ఆ కాపలాకు శిక్షణ పొందినవారు మన కర్మాగారములలో చాలినంతమంది లేరు.

మురుగుకాలువలలో దిగి మరణించు కార్మికులను మరచి ఈ విద్యను గూర్చి మాటలాడుట మాకు ఇష్టము లేదు. గొట్టములో మురుగు నిలిచినచో, గాలి అందని సూక్ష్మజీవులు అందులోని సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చును. అది గాలికంటె బరువు గనుక మ్యాన్‌హోలు అడుగున చేరును. కొంచెమున్నప్పుడు కుళ్ళిన గ్రుడ్డు వాసన వేయును. మోతాదు పెరిగినచో వాసన తెలియు నరమునే మొద్దుబార్చును. వాసన పోయినది గదా అని మనిషి మరియొక మెట్టు దిగును. 2013 చట్టము తగిన రక్షణలేక మనుష్యులను అందులో దింపుటను నేరముగా ప్రకటించినది. అయినను మరణముల వార్తలు ఆగలేదు. చట్టము ఒక వంక, గొట్టము వాలు మరియొక వంక. వాలు చాలినంత ఉండి, నీరు సెకనునకు అరమీటరు పైబడి పరుగెత్తినచో మట్టి నిలువదు, వాయువు పుట్టదు. ఇరుకుసందులలో దూరగల చిన్న జెట్టింగు యంత్రములు హైదరాబాదులోను, ఇతర నగరములలోను వచ్చినవి. డ్రాయింగు బల్లపై వాలును తప్పుగా గీచిన రోజు, ఏండ్ల తరువాత ఎవడో ఒకడు ఆ గొట్టములో దిగవలసి వచ్చును. విద్యార్థులకు ఈ సంబంధమును మొదటి సంవత్సరముననే చెప్పవలెనని మా అభిప్రాయము.

ఈ చదువును ఎన్నుకొనదలచినవారు కళాశాల భవనమును చూచి మోసపోక, ప్రయోగశాలను చూపుమని అడుగవలెను. ఆరు గాజుపాత్రలలో బురదనీటిని పోసి, ఒక్కొక్కదానిలో వేరువేరు మోతాదుల పటికను కలిపి, ఏ పాత్రలో నీరు ముందు తేరునో చూచు యంత్రము ప్రతి కళాశాలలోను ఉండును. దానిపై దుమ్మున్నదా, తడి యున్నదా అని పరికింపవలెను. బి.ఓ.డి. సీసాలుంచు ఇంక్యుబేటరునకు మూడు దినములు కరెంటు ఆగకుండ అందు ఏర్పాటు కలదా అని అడుగవలెను. పిదప ఊరిలోని మునిసిపల్ మంచినీటి కేంద్రమునకు పోయి, క్లోరిను కలుపు ఉద్యోగిని, ఊరి చివరి కుళాయి వద్ద లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగులుచున్నదో లేదో ఎవరు, ఎప్పుడు చూతురని అడుగవలెను. ఆయన సీసాయు, రంగుల పలకయు తీసి చూపినచో, ఆ ఊరిలో ఒక గంట నిలిచి నేర్చుకొనదగినది చాల ఉన్నది.